పెద్దమ్మ ఫోనులో పట్టని పాట

మా సంఘంలో మనిషిని అవమానించాలంటే తిట్టరు. ప్రార్థనలో పెడతారు. మైకు దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, పేరు చెప్పకుండానే అందరికీ తెలిసేలా ఆ మనిషి లోపాన్ని దేవుడికి విన్నవిస్తారు. చివర్లో అందరూ ఆమెన్ అంటారు. ఆమెన్ అన్నాక దాని మీద వాదించడం భక్తి లేనివాళ్ళ పని అయిపోతుంది. మా పెద్దమ్మకు జరిగింది ఇదే. చేసింది మా సంఘం సెక్రటరీ గారు. ఆయన ఈపాటికి మర్చిపోయి ఉంటారు. నేను మర్చిపోలేదు.

నాకు మా దీవుల్లోని గోల్ ఘర్‌లో జిరాక్స్ కొట్టు ఉంది. జిరాక్స్‌తో పాటు ఓడ టికెట్ల ప్రింట్లు తీస్తాను, కాలేజీ దరఖాస్తులు, పడవల ఫారాలు నింపి పెడతాను. కొట్టులో మానిటర్ పాతది. దాని వెడల్పు తక్కువ, తెరలో ఉండే చుక్కలూ తక్కువే. మెయిన్‌లాండ్‌లో కూర్చుని ఎవరో చేసిన పేజీలు దాని మీద తెరిస్తే సగం పేజీ తెర బయటే ఉండిపోతుంది. ఒకసారి చేపల వేటకెళ్ళే ఆయన ఒకడు, మా శ్రీకాకుళం వైపు వాడే, పొద్దున్నే వచ్చి ఫారం నింపించుకున్నాడు. అన్నీ నింపాం. ఆఖరున నొక్కాల్సిన బటన్ కనిపించలేదు. కిందికి జరిపినా లేదు, పక్కకు జరపడానికి ఆ పేజీ ఒప్పుకోలేదు. కంట్రోల్ పట్టుకుని మైనస్ కొట్టీ కొట్టీ అక్షరాలు చీమ తలకాయలంత అయ్యాక కుడి మూలన బయటపడింది. నొక్కితే, టైమైపోయింది మళ్ళీ మొదలుపెట్టమంది. ఆయన నా వైపు చూసిన చూపు పని రానిదాన్ని చూసే చూపు. ఆ పేజీ చేసినవాడు ఎవడో తెలిస్తే ఉత్తరం రాసి ఉండేదాన్ని. తెలియలేదు కాబట్టి పేజీలు చేయడం నేర్చుకున్నాను. కొందరు ఇష్టంతో నేర్చుకుంటారు. నేను కక్షతో నేర్చుకున్నాను.

సంఘం పాటల పేజీ నేనే చేశాను. మా దీవుల్లో పుస్తకం బతకదు. పాటల పుస్తకాలు ఓడ మీద వస్తాయి, రెండు వర్షాకాలాలు గడిచేసరికి అట్ట ఉబ్బుతుంది, పేజీలు ఒకదానికొకటి అంటుకుంటాయి, మిగిలింది పురుగు తింటుంది. ఎవరో పుస్తకాన్ని ఫోటోలు తీసి ఫోన్లలో పంపితే అక్షరాలను వేళ్ళతో సాగదీసి చదువుతూ పంక్తికి ఒకసారి కుడికీ ఎడమకీ జరుపుకుంటూ పాడేవాళ్ళు. అది చూడలేక సాయంత్రాలు కూర్చుని ఒక్కో పాటా టైపు చేశాను. పాట నంబరు కొడితే పాట వస్తుంది. అంతే. ఫోటోలు లేవు, రంగులు లేవు. ఒకటే వరుస, పెద్ద అక్షరాలు, తెర ఎంత ఇరుకైతే పంక్తి అంతలోనే విరిగి కిందికి దిగుతుంది. పైన ఒక మీట పెట్టాను. నొక్కితే అవే తెలుగు మాటలు హిందీ లిపిలో వస్తాయి. మా పిల్లలకు తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు.

ఆ పేజీ ఎక్కడ సరిపోవాలో నాకు తెలుసు. మా పెద్దమ్మ ఫోను మీద. మా అమ్మకు అక్క, గరాచర్మలో ఉంటుంది. సంఘంలో పాట ఎత్తేది ఆమే. మా దగ్గర పాట పాడే పద్ధతి ఒకటుంది. ఎత్తేవాళ్ళు పంక్తి ఒకసారి పాడతారు, సంఘమంతా అదే పంక్తి మళ్ళీ పాడుతుంది, అప్పుడు ఎత్తేవాళ్ళు తరువాతి పంక్తికి వెళ్తారు. పుస్తకాలు లేని రోజుల్లో మొదలైన పద్ధతి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఎత్తింది ఆమె గొంతే. ఆమె ఫోను అరచేతిలో సగం ఉంటుంది, తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు బీట. అందులో పాట సుఖంగా పడితే ఎందులోనైనా పడుతుందని నా లెక్క.

ఇంకో సంగతి ఉంది. ఇది సంఘంలో ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మకు పాటలన్నీ నోటికే వచ్చు, కానీ ఈమధ్య చరణాల వరుస తప్పుతోంది. రెండో చరణం అయ్యాక మూడోది ఏ మాటతో మొదలవుతుందో ఒక్కోసారి అందదు. మొదటి మాట అందితే మిగతాది వాగులా వచ్చేస్తుంది. అందుకే నా పేజీలో ప్రతి చరణం మొదటి మాటను లావు అక్షరాల్లో పెట్టాను. అందం కోసం అనుకున్నారు అందరూ. అనుకోనిచ్చాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సెక్రటరీ గారు నన్ను ఆపారు. ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద. అయినా నన్ను దీదీ అంటారు.

“దీదీ, మన సైట్ కొంచెం పాతగా ఉంది కదా. మా అల్లుడు హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాడు. సేవగా చేసి పెడతానంటున్నాడు. పాస్‌వర్డ్ ఒకటి ఇచ్చెయ్యండి.”

“పాతగా అంటే ఏం బాగాలేదండీ?”

“ఫోటోలు లేవు, డిజైన్ లేదు. బయటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?”

“చూసేవాళ్ళ కోసం చేయలేదండీ. పాడేవాళ్ళ కోసం చేశాను.”

ఆయన నవ్వి భుజం మీద కండువా సర్దుకున్నారు. పక్కన పాస్టరు అయ్యగారు ఉన్నారని, ఆయన ముందు గొడవెందుకని పాస్‌వర్డ్ ఇచ్చేశాను. మర్యాద కోసం చేసిన పనుల్లో నేను ఎక్కువ పశ్చాత్తాపపడేది దానికే. తరువాతి వారం ఆయన మైకులో కొత్త సైట్ గురించి చెప్పి, “ఇంతకాలం టైపింగ్‌లో సాయం చేసిన సహోదరికి కూడా వందనాలు” అన్నారు. టైపింగ్‌లో సాయం. నేను మొదటి వరుసలోనే కూర్చుని ఉన్నాను.

కొత్త పేజీని మా మందిరంలో మొదటిసారి గోడ మీద వేసింది ఈస్టర్ ముందు వచ్చే శ్రమకాలంలో ఒక ఆదివారం. అల్లుడు పాటను రెండు నిలువు వరుసల్లో పెట్టాడు. ఎడమ పక్క తెలుగు లిపి, కుడి పక్క అదే పంక్తి హిందీ లిపిలో. సెక్రటరీ గారి లాప్‌టాప్‌లో చూస్తే ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ మా మందిరం ప్రొజెక్టర్ పాతది. దాని తెర వెడల్పు నా కొట్టు మానిటర్ అంత. తెర ఇరుకైతే కుడి వరుస ఎడమ వరుస కిందికి దిగాలని అల్లుడు రాసి పెట్టాడు. దిగితే పాట మొత్తం తెలుగులో వచ్చి తరువాత హిందీ లిపిలో రావాలి కదా. అలా రాలేదు. అతను ఒక్కో పంక్తినీ ఒక్కో గడిలో పెట్టాడు. కాబట్టి తెలుగులో ఒక పంక్తి, దాని కిందే హిందీ లిపిలో అదే పంక్తి, మళ్ళీ తెలుగు, మళ్ళీ హిందీ. ప్రతి పంక్తీ గోడ మీద రెండుసార్లు పడింది.

పెద్దమ్మ మొదటి పంక్తి ఎత్తింది. సంఘం అందుకుంది. ఆమె రెండో పంక్తికి వెళ్ళింది. అదే సమయానికి కుడివైపు బెంచీల్లో కుర్రకారు, తెలుగు చదవరు కాబట్టి తమ లిపిలో కింద ఉన్నదే తరువాతి పంక్తి అనుకుని, మొదటి పంక్తే మళ్ళీ మొదలుపెట్టారు. కీబోర్డు వాయించేవాడు వాళ్ళతో పోయాడు. ఎడమవైపు పెద్దవాళ్ళు పెద్దమ్మతో ఉన్నారు. పల్లవి ముగిసేసరికి మందిరంలో రెండు పాటలున్నాయి, ఒకదాని వెనక ఒకటి నడుస్తూ. పెద్దమ్మ ఫోనులోకి చూసింది. అందులో పై సగం సంఘ కమిటీ ఫోటో, ఎంత జరిపినా కదలదు. కింద సగంలో పంక్తులు విరగకుండా కుడివైపు తెర దాటి పోయాయి. ఆమె తల ఎత్తి గోడ వైపు చూసి, కంటికి కనబడిన పంక్తి అందుకుంది. అది అప్పటికే పాడేసిన పంక్తి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగిపోయింది.

అప్పుడు సెక్రటరీ గారు మైకు అందుకున్నారు.

“పెద్దావిడ. వయసు మీద పడింది, మరపు సహజం. ఆమె జ్ఞాపకశక్తి కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేద్దాం.”

చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. పెద్దమ్మ కూడా అంది.

సాయంత్రం గరాచర్మ బస్సెక్కి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది.

“ఏటే, మొకం అలగెట్టుకున్నావు?”

“నీ మీద ప్రార్థన చేశారు.”

“సేస్తే తప్పేటి? మరుపు లేదని నాను సెప్పానా?”

“ఇవాళ నువ్వు మర్చిపోలేదు. గోడ మీద తప్పు పడింది.”

“ఇయాల మర్సిపోలేదు. రేపు మర్సిపోతాను. అప్పుడేటి సేస్తావు?”

“అప్పటి సంగతి అప్పుడు. చేయని తప్పుకి ప్రార్థన ఎందుకు?”

“సాలే, నీ పోరు పడలేం. నీ సిన్నప్పుడు బళ్ళో పిల్ల నీ పెన్సిల్ తీసిందని మూడేళ్ళు మాటాడలేదు.”

“నాలుగేళ్ళు.”

ఆమె నవ్వింది గానీ ఆకు దూయడం ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. “ఈస్టర్‌కి ఎత్తొద్దన్నారే. సెక్రటరీ గారి సెల్లెలి కూతురు ఎత్తుద్దంట. టెన్షన్ ఎందుకమ్మా నీకు, రెస్ట్ తీసుకో అన్నాడు. పాడ్డానికి రెస్టేటి?” అని, కాసేపటికి, “ఈస్టర్ పాట ఒక్కటుంటే సాలు నాకు” అంది.

ఆమె తనకంటూ ఏదైనా కావాలనడం నేనెప్పుడూ వినలేదు. తిరుగు బస్సు దిగేలోగా సెక్రటరీ గారికి ఫిర్యాదు ఉత్తరం మనసులో రాసేశాను.

శనివారం సంఘం ప్రార్థన విన్నపాల కాగితం జిరాక్సుకు నా కొట్టుకే వస్తుంది. ఆ శనివారం వచ్చిన కాగితంలో మూడో లైను ఇది: వృద్ధాప్యపు మరపుతో బాధపడుతున్న సహోదరి కొరకు. ఆ కాగితం నేను మిషన్ మీద పెట్టలేదు. సెక్రటరీ గారికి ఫోన్ చేశాను.

“ఈ లైను తీసెయ్యండి.”

“అరే దీదీ, ప్రార్థనకి కూడా కంప్లైంటా? ఇది నేను పహలీ బార్ వింటున్నాను.”

“కంప్లైంట్ రాసి పెట్టాను. రేపు తెస్తాను, కాపీ మీద అందిందని సంతకం పెట్టండి.”

“మన మధ్య సంతకాలేంటి దీదీ?”

“మన మధ్యే కావాలండీ.”

ఆయన కాగితం వేరే కొట్టులో జిరాక్స్ చేయించుకున్నారు. ఆదివారం నా చేతికీ ఒకటి వచ్చింది, అక్షరాలు మసకగా. సంతకం మాత్రం పెట్టించుకున్నాను.

అల్లుడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. మర్యాదస్తుడే.

“ఆంటీ, అన్ని స్క్రీన్లకూ సరిపోయేలాగే చేశాను. మూడు ఫోన్లలో చూశాను కూడా.”

“ఏ ఫోన్లు?”

చెప్పాడు. ఆ రకం ఫోన్ మా సంఘంలో ఒక్కరి దగ్గర ఉంది. ఆ ఒక్కరూ వాళ్ళ మామగారే.

“మా ప్రొజెక్టర్ మీద చూశావా? బీటలు వారిన చిన్న ఫోను మీద చూశావా?”

“ఇంత లో రెజల్యూషన్ ఇప్పుడు ఎవరు వాడతారాంటీ?”

“మీ అత్తగారిని అడుగు బాబూ.”

అత్తగారి ఫోను ఎలాంటిదో అతనికి ఆ క్షణం దాకా తెలిసినట్టు లేదు. కమిటీ చెబితే మారుస్తానన్నాడు. అంటే మామగారు చెబితే.

కమిటీ మీటింగ్ తరువాతి శుక్రవారం. ఆ రోజు ఆడవాళ్ళ ప్రార్థన కూడిక అయ్యాక ఒక్కొక్కరినీ ఫోను ఇవ్వమని అడిగాను. గంటలో తిరిగిస్తానని చెప్పి, అందరి ఫోన్లలో ఒకే పాట తెరిచి పెట్టి, పెద్దమ్మ కూరలకు పట్టుకెళ్ళే ప్లాస్టిక్ బుట్టలో వేశాను. పెద్దమ్మ తన ఫోను ఇస్తూ, “బుట్ట జాగర్త, పిడి ఊడిపోతాది” అంది. నేను అడగని ఒకామె వచ్చి తన ఫోను కూడా వేసింది. ఎర్ర కవరు, దాని చుట్టూ రబ్బరు బ్యాండు. “నేనిచ్చానని చెప్పకండి” అంది. ఆమె సెక్రటరీ గారి భార్య.

కమిటీ గదిలో బుట్ట బల్ల మీద పెట్టాను.

“ఏంటిది, కూరగాయలా?” అన్నారు సెక్రటరీ గారు. ఇద్దరు నవ్వారు. ఎవరెవరో నాకు గుర్తుంది.

“ఒక్కొక్కటీ తీసి అందులో ఉన్న పాట పైకి చదవండి.”

“దీదీ, టైం లేదు—”

“పాట మొదటి పంక్తి చదవడానికి ఎంత టైం పడుతుందండీ?”

అయ్యగారు చెయ్యి చాచి ఒక ఫోను తీశారు. కళ్ళజోడు పైకి తోసుకున్నారు. సగం పంక్తి చదివి ఆగారు. వేలితో జరిపారు. పంక్తి తోక వచ్చింది గానీ తల పోయింది. మళ్ళీ జరిపారు. “ఇందులో మన కమిటీ ఫోటో తప్ప ఏం లేదే” అన్నారు. ఇంకోటి తీశారు. అందులోనూ కమిటీయే. మూడోదాన్నుంచి ఆయన చదవడం మానేసి ఫోన్లను ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరుసగా పేర్చారు. అన్నింటిలోనూ అదే ఫోటో, అన్నింటిలోనూ సెక్రటరీ గారు మధ్యలో కండువాతో.

“జమానా మారింది అయ్యగారూ. కొత్త ఫోన్లు కొనుక్కోవాలి మరి,” అన్నారు సెక్రటరీ గారు, బుట్టలో చెయ్యి పెట్టి. చేతికి వచ్చింది ఎర్ర కవరు. రబ్బరు బ్యాండు చూశారు. కవరు వెనక్కి తిప్పి చూశారు. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టారు, మిగతావాటికి కొంచెం దూరంగా.

అనడానికి చాలా ఉన్నా నేను అనలేదు, అది నా ఖాతాలో జమ రాయాల్సిన విషయం.

“ఆ రోజు పాట చెడింది అందుకేనా?” అని అయ్యగారు అడిగారు. ప్రొజెక్టర్ పెట్టించి చూపించాను. ప్రతి పంక్తీ రెండుసార్లు. ఆయన వేలితో లెక్కపెడుతూ చూసి, “పెద్దమ్మగారు మర్చిపోలేదు” అన్నారు. ఆ మాట ఆ గదిలోనే అన్నారు. మైకులో కాదు. ఈస్టర్‌కి ఎప్పటిలాగే ఆమే ఎత్తాలని, విన్నపాల కాగితంలో ఆ లైను తీసేయాలని కూడా చెప్పారు. సెక్రటరీ గారు పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

వారం రోజులు అల్లుడికి ఫోనులో చెబుతూ చేయించాను. పాట పేజీలో ఫోటో ఉండకూడదు. ఒకటే వరుస. లిపి మార్చే మీట పైన. పంక్తి తెర దాటకూడదు. అతను ఒక్కోటి మార్చి పంపుతుంటే నా పాత మానిటర్ మీదా పెద్దమ్మ ఫోను మీదా చూసి, మళ్ళీ మార్చమనేదాన్ని. పిల్లాడు ఒక్కసారి విసుక్కోలేదు, అది ఒప్పుకుంటాను.

“చరణం మొదటి మాట బోల్డ్ ఎందుకాంటీ? పాత డిజైన్లా ఉంటుంది.”

“అందంగా ఉంటుంది. పెట్టు.”

ఈస్టర్ ముందు శనివారం కాగితం మళ్ళీ నా కొట్టుకే వచ్చింది. మరపు లైను లేదు. దాని చోట ఇంకో లైను: తెర సమస్యను తన నైపుణ్యంతో తీర్చిన యువ సహోదరుని బట్టి స్తుతి. అన్ని కాపీలూ తీసి ఇచ్చాను. కాగితాన్ని మిషన్ మీద కొంచెం వంకరగా పెట్టాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

ఈస్టర్ ఆదివారం మందిరం నిండిపోయి వరండాలో కూడా కుర్చీలు వేశారు. గోడ మీద పాట ఒకే వరుసలో శుభ్రంగా పడింది. పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని మైకు దగ్గర నిలబడింది, చేతిలో బీట వారిన ఫోను. పల్లవి ఎత్తింది. ఎడమ బెంచీలు, కుడి బెంచీలు ఒకేసారి అందుకున్నాయి. నేను పాడలేదు. చుట్టూ ఉన్న ఫోన్లలోకి చూస్తూ పంక్తులు ఎక్కడ విరుగుతున్నాయో చూసుకుంటున్నాను.

రెండో చరణం అయింది. సంఘం ఆఖరి పంక్తి పాడి ఆగింది. పెద్దమ్మ ఎత్తలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. చూపు మా తలల మీదుగా ఎటో ఉంది. ఆ చూపు నాకు తెలుసు, వంటింట్లో ఉప్పు డబ్బా ముందు నిలబడి చూసే చూపు. కీబోర్డు వాయించేవాడు అయిపోయిన పంక్తినే మళ్ళీ మెల్లగా వాయిస్తున్నాడు. ఆమె తల వంచి ఫోను చూసింది. బొటనవేలితో ఒక్కసారి పైకి జరిపింది. తల ఎత్తి మూడో చరణం మొదటి మాట అందుకుంది, మిగతాది దాని వెనకే వచ్చేసింది.

ఊపిరి పీల్చుకున్నంత సేపు. చాలామందికి తెలియనే లేదు. సెక్రటరీ గారికి తెలిసింది. పక్క వరుసలోంచి ఆయన నా వైపు చూశారు. నేనూ ఆయన వైపే చూశాను. తరువాత ఆయన గోడ వైపు తిరిగి పాడడం మొదలుపెట్టారు.

ఈస్టర్ తరువాతి శనివారం కాగితంలో మరపు లైను మళ్ళీ వస్తుందని సిద్ధంగా కూర్చున్నాను. రాలేదు. ఆ తరువాతి వారం కూడా రాలేదు. ఎందుకు రాయలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయనకు ఒక వందనం చెప్పవే అంది పెద్దమ్మ. చెప్పలేదు. మైకులో అన్న మాట మైకులోనే వెనక్కి తీసుకోవాలి. నా ఉత్తరం కాపీ కొట్టు సొరుగులో ఉంది, అందినట్టు ఆయన సంతకంతో.